సామీ హేగర్: గొంతు నుంచి గల్లాపెట్టె దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఎవరీ సామీ హేగర్?

అమెరికన్ హార్డ్ రాక్ గాయకుడు. 1947 అక్టోబర్ 13న కాలిఫోర్నియాలో పుట్టాడు. మాంట్రోజ్ అనే బ్యాండ్‌తో మొదలుపెట్టి, సోలోగా పేరు తెచ్చుకుని, 1985లో వాన్ హేలన్ బ్యాండ్‌లో చేరాడు. ఎర్ర రంగంటే పిచ్చి కాబట్టి అభిమానులు "రెడ్ రాకర్" అంటారు. పాటల గురించి ఏమీ తెలియని వాళ్లకి కూడా ఆయన ఇంకో రకంగా తెలుసు: కాబో వాబో అనే టకీలా (మెక్సికో మద్యం) బ్రాండ్ పెట్టి, దాన్ని కోట్ల డాలర్లకి అమ్మిన మనిషిగా. ఈ పేజీలో ఎక్కువ చోటు ఆ రెండో హేగర్‌కే ఇస్తున్నాను. పాటల హేగర్ గురించి రాసినవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఉన్నవాళ్ల ఇంట్లో పుట్టాడా? పెట్టుబడి ఎక్కడిది?

ఉన్నవాళ్లా! లాస్ ఏంజిలెస్‌కి తూర్పున ఫాంటానా అనే ఊళ్లో పెరిగాడు. కైజర్ స్టీల్ ఫ్యాక్టరీ చుట్టూ అల్లుకున్న ఊరది. గాజువాక, ఉక్కునగరం వైపు పెరిగినవాళ్లకి ఆ వాతావరణం ఎలా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. తండ్రి బాక్సర్, తర్వాత ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. తాగుడుకి బానిస. తాగొచ్చి ఇంట్లో గొడవ చేస్తే తల్లి పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లిపోవాల్సి వచ్చేది. పిల్లల్లో సామీయే ఆఖరివాడు. తండ్రి ఆయన్ని కూడా బాక్సర్ని చేద్దామనుకున్నాడు, కొన్నాళ్లు రింగులోకి దిగాడు కూడా. తర్వాత గిటార్ పట్టాడు.

హేగర్ వ్యాపార బుద్ధి అంతా ఈ ఫాంటానా ఇంట్లోనే పుట్టిందని నా అభిప్రాయం. మళ్లీ ఆ లేమిలోకి వెళ్లకూడదన్న భయం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. డబ్బొచ్చిన ప్రతిసారీ దాన్ని ఇంకో పనిలో పెట్టడం అందుకే.

మాంట్రోజ్ బ్యాండ్ సంగతేంటి?

గిటారిస్ట్ రానీ మాంట్రోజ్ పెట్టిన బ్యాండ్. 1973లో బ్యాండ్ పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. నిర్మాత టెడ్ టెంపుల్‌మన్, తర్వాతి కాలంలో వాన్ హేలన్ తొలి ఆల్బమ్‌లు చేసింది కూడా ఆయనే. విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు. నిదానంగా, ఏళ్ల తరబడి అమ్ముడుపోయి చివరికి ప్లాటినం (అమెరికాలో పది లక్షల కాపీలు) అయింది. ఈలోగా రానీకీ ఈయనకీ పడక, రెండు ఆల్బమ్‌ల తర్వాత 1975లో బయటికొచ్చాడు. అప్పటికి చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు.

వేగంగా వెళ్లినందుకు పడిన చలానా మీదే "55" పాట రాశాడంటారు, నిజమేనా?

నిజమే. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం దేశమంతా హైవేల మీద గంటకి 55 మైళ్లు దాటకూడదని చట్టం తెచ్చింది. మన లెక్కలో దాదాపు 88 కిలోమీటర్లు. పెట్రోలు ఆదా చేయడానికన్నమాట. హేగర్ ఒక రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలో కారులో వెళ్తుంటే పోలీసు ఆపాడు. వేగం 62 మైళ్లు. అంటే మన 100 కిలోమీటర్లు. అర్ధరాత్రి దాటాక, నాలుగు వరసల రోడ్డు మీద, అంత మాత్రానికే టికెట్ రాశాడు. ఆ పోలీసు అక్కడ రాస్తుండగానే ఈయన బుర్రలో పాట మొదలైంది, బస చేరగానే కాగితం మీద పెట్టేశాడు.

అదే 1984లో "వీఓఏ" ఆల్బమ్‌లో వచ్చిన "ఐ కాన్ట్ డ్రైవ్ 55". ఆ చట్టం 1995లో రద్దయింది. పాట వల్లే రద్దయిందని చెప్పే అభిమానులున్నారు గానీ అది అభిమానం, చరిత్ర కాదు. ఒక చలానా మీద ఇంత సంపాదించిన మనిషి ఇంకొకరు ఉన్నారా అన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

వాన్ హేలన్‌లోకి ఎలా వచ్చాడు?

మెకానిక్ సిఫార్సుతో. జోక్ కాదు. క్లాడియో జాంపోలీ అనే ఇటాలియన్ మెకానిక్ లాస్ ఏంజిలెస్‌లో ఫెరారీలూ లాంబోర్గినీలూ బాగుచేసేవాడు. హేగర్ కారూ, వాన్ హేలన్ బ్యాండ్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలన్ కారూ ఆయన దగ్గరికే వెళ్లేవి. 1985లో గాయకుడు డేవిడ్ లీ రాత్ బ్యాండ్ వదిలేశాడని ఎడ్డీ బాధపడుతుంటే, హేగర్‌కి ఫోన్ చేయమని జాంపోలీయే చెప్పాడు.

1986లో వచ్చిన "5150" అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానం కొట్టింది. అంతకుముందు ఎంత పేరున్నా వాన్ హేలన్‌కి ఆ స్థానం ఎప్పుడూ దక్కలేదు. తర్వాత 1988, 1991, 1995లో వచ్చిన మూడు స్టూడియో ఆల్బమ్‌లూ అంతే, వరసగా నంబర్ వన్. "రాత్ గొప్పా, హేగర్ గొప్పా" అన్న తగవు ఇప్పటికీ నడుస్తోంది. మన దగ్గర అభిమాన సంఘాల గొడవల్ని చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఆ తగవులోకి నేను దిగను.

మరి ఎందుకు బయటికొచ్చాడు?

1996లో విడిపోయారు. తీసేశారని హేగర్, తనే వెళ్లిపోయాడని వాన్ హేలన్ అన్నదమ్ములు ఎడ్డీ, అలెక్స్ (బ్యాండ్ డ్రమ్మర్). రెండు కథలూ ఈనాటికీ అలాగే ఉన్నాయి. 2004లో మళ్లీ కలిసి ఒక టూర్ చేశారు, అది ఇంకా చేదుగా ముగిసింది. 2007 మార్చిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బ్యాండ్‌ని గౌరవించినప్పుడు వేదిక మీదికి వెళ్లింది హేగర్, బేస్ వాయించే మైకేల్ ఆంథనీ మాత్రమే. ఎడ్డీ 2020 అక్టోబర్ 6న క్యాన్సర్‌తో పోయాడు. అదే ఏడాది మొదట్లో ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని రాజీ పడ్డారు. ఆ ఒక్క మాట మిగిలింది.

వ్యాపారం టకీలాతోనే మొదలైందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. టకీలాకి ముందే చాలా ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో అవతల, మారిన్ కౌంటీలో ఉంటున్న రోజుల్లో సాసలిటో సైక్లరీ అని సైకిల్ షాపు పెట్టాడు. ఎందుకు సైకిలే అంటే, కొండల మీద తొక్కే మౌంటెన్ బైక్ పుట్టిందే ఆ ప్రాంతంలో. 1970లలో అక్కడి కుర్రాళ్లు పాత సైకిళ్లకి లావు టైర్లు బిగించి టామల్పాయిస్ కొండ మీద నుంచి కిందికి దూకించేవాళ్లు. ఇంకొన్నేళ్లలో దేశమంతా కొనబోయే వస్తువు ఈయన ఇంటి ముందే తిరుగుతోంది. అది చూసి షాపు తెరిచాడు.

ఇంకోటి, మంటలు ఆర్పే స్ప్రింక్లర్ల వ్యాపారం. పెద్ద భవనాల పైకప్పుకి పైపులు వేసి, నిప్పంటుకుంటే నీళ్లు చిమ్మేలా పెడతారే, అవి. ఫాంటానా చుట్టుపక్కల గోడౌన్లు వరసగా లేస్తున్నాయి, ప్రతి గోడౌన్‌కీ అవి ఉండాల్సిందే. రాక్ స్టార్‌కీ స్ప్రింక్లర్లకీ ఏమైనా సంబంధం ఉందా? లేదు. కానీ ఊళ్లో ఏం కడుతున్నారో, దానికేం కావాలో కనిపెట్టడం ఉంది చూశారూ, అసలు వ్యాపారి అక్కడున్నాడు. టకీలా కథకి మెరుపు ఎక్కువ కాబట్టి అందరూ దాన్నే చెప్తారు. నాకు మాత్రం ఈ స్ప్రింక్లర్ల ముక్కే ఇష్టం.

"కాబో వాబో" అంటే ఏంటి?

మెక్సికోలో బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం చివర కాబో సాన్ లూకాస్ అని ఊరుంది. ఇప్పుడు వరసగా హోటళ్లు. 1980ల మొదట్లో హేగర్ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు మట్టి రోడ్లు, చేపల పడవలు, నాలుగైదు హోటళ్లు, అంతే. ఊరు నచ్చి అక్కడే ఇల్లు కొనుక్కున్నాడు. ఒకరోజు పొద్దున్నే రోడ్డు మీద ఒక మనిషి, రాత్రి తాగింది దిగక, తూలుతూ పోతున్నాడు. ఆ నడక చూసి ఈయన పెట్టిన పేరే కాబో వాబో. తెలుగులో చెప్పాలంటే "కాబో తూలుడు". వాన్ హేలన్ 1988 ఆల్బమ్‌లో ఆ పేరుతో పాట వచ్చింది, 1990 ఏప్రిల్‌లో ఆ పేరుతోనే కాబోలో క్యాంటీనా తెరిచాడు. క్యాంటీనా అంటే మందు, తిండి, పాట ఒకే కప్పు కింద దొరికే చోటు. ప్రారంభం రోజు వాన్ హేలనే వచ్చి వాయించింది.

తెరవగానే జనం ఎగబడ్డారా?

ప్రారంభం రోజు ఎగబడ్డారు. తర్వాత నష్టాలు. అప్పటికి కాబోకి అంతమంది టూరిస్టులు వచ్చేవాళ్లు కాదు. మొదట్లో బ్యాండ్ వాళ్లు కూడా భాగస్వాములు. నెలనెలా చేతి నుంచి పడుతుంటే ఎవరికైనా విసుగే కదా, వాళ్లు తప్పుకున్నారు. హేగర్ ఒక్కడే భుజానేసుకున్నాడు.

మొండితనమా, ముందుచూపా? రెండూ కొంచెం కొంచెం అనుకుంటాను. ఊరు పెరుగుతుందని నమ్మాడు, అది నిజమైంది. పెరగకపోయుంటే ఇదే మనిషిని "పాటలు పాడుకోక ఈ హోటల్ గోలెందుకు" అనేవాళ్లం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఖాళీ బల్లలు చూస్తూ కూర్చోకుండా తనే వేదికెక్కి పాడేవాడు. ప్రతి అక్టోబర్‌లో తన పుట్టినరోజు అక్కడే జరపడం మొదలుపెట్టాడు. రోజులకి రోజులు కచేరీలు. ఆ పుట్టినరోజు కోసమే విమానాలెక్కి వచ్చే అభిమానులు తయారయ్యారు.

సరే, టకీలా ఎలా వచ్చింది?

క్యాంటీనాలో పోయడానికి మంచి సరుకు కావాలి. టకీలా చేసే హలీస్కో రాష్ట్రానికి వెళ్లి, తరాలుగా ఆ పనిలో ఉన్న ఒక కుటుంబం దగ్గర తన పేరు మీద చేయించుకున్నాడు. 1990ల మధ్యలో అది క్యాంటీనా సొంత మందు. మెస్‌లో సొంత ఆవకాయ లాగా, అక్కడికొస్తేనే దొరుకుతుంది. వచ్చినవాళ్లు "ఇది మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది?" అని అడగడం మొదలెట్టారు. అదే మార్కెట్ సర్వే. 1999లో విల్సన్ డేనియల్స్ అనే కంపెనీ ద్వారా అమెరికాలో అమ్మకానికి పెట్టాడు. అది నాపా లోయలో ఖరీదైన వైన్ల పంపిణీ చేసే సంస్థ. రాక్ స్టార్ బొమ్మతో చవక సీసా కాకుండా, చేత్తో ఊదిన గాజు సీసాలో, మంచి వైన్ల పక్కన నిలబెట్టడం ఆ ఎంపికలోని కిటుకు.

టకీలా ఎలా చేస్తారో కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఈ వ్యాపారంలో కష్టం అర్థం కాదు. నీలి అగేవ్ అనే ముళ్ల మొక్క, నాటాక కోతకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కోసేవాణ్ణి హిమదోర్ అంటారు. పొడవాటి కర్రకి చివర గుండ్రటి పదునైన ఇనుప పలక ఉండే పనిముట్టుతో, ఒక్కొక్క మట్టా చెక్కేస్తూ పోతాడు. మన గీత కార్మికుడి చేతిలో కత్తి ఎంత చనువుగా ఉంటుందో అతని చేతిలో అది అలా ఉంటుంది. మట్టలన్నీ పోయాక మిగిలేది పెద్ద అనాసపండు లాంటి దుంప. దానికి పేరు కూడా పిన్యా, స్పానిష్‌లో అనాసపండు అనే. దాన్ని పొయ్యిలో ఉడికించి, పిండి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పడతారు. వెంటనే సీసాకెక్కిస్తే బ్లాంకో. ఓక్ పీపాలో రెండు నెలలు దాటి ఉంచితే రెపొసాదో, ఏడాది దాటితే అన్యెహో.

ఇప్పుడు రైతు సంగతి. ధర పడిపోయినప్పుడు ఎవరూ నాటరు, ఆరేడేళ్ల తర్వాత సరుకుండదు, ధర ఆకాశానికి పోతుంది, అప్పుడు అందరూ నాటుతారు. గుంటూరు మిర్చి కథే, కాకపోతే ఒక్కో మలుపుకీ ఏడేళ్లు. 2000 ప్రాంతంలో సరిగ్గా అలాంటి కొరతే వచ్చింది, తెగుళ్లు కూడా తోడయ్యాయి. అగేవ్ ధర ఎన్నో రెట్లు పెరిగింది. కాబో వాబో అమెరికాలో అడుగుపెట్టింది ఆ సమయంలోనే. పూర్తిగా అగేవ్‌తోనే చేస్తానన్న సరుకుకి అది గడ్డుకాలం. చట్టం ప్రకారం 51 శాతం అగేవ్ చక్కెర ఉంటే చాలు, మిగతాది వేరే చక్కెరతో నింపి టకీలా అనే అమ్ముకోవచ్చు. ఈయన ఆ దారి పట్టలేదు.

ఈ అగేవ్, మన కిత్తనార ఒకటేనా?

చుట్టాలు, ఒకటి కాదు. మన దగ్గర పొలం గట్ల మీద, రైలు కట్టల వెంట కంచెలా పెరిగేవి వేరే అగేవ్ జాతులు. నార తీసి తాళ్లు పేనుకునేవాళ్లం. టకీలాకి వాడేది ఒక్క నీలి అగేవే, అదీ హలీస్కోలో, ఇంకో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లో పండితేనే ఆ పేరు. మెక్సికో ఈ రక్షణ 1974లో తెచ్చింది. బనగానపల్లె మామిడి పేరు లాంటి వ్యవహారమే.

మా చిన్నప్పుడు చేను గట్టు మీది కిత్తనార ఒకటి ఉన్నట్టుండి కరెంటు స్తంభమంత కాడ వేసి పూసింది. తర్వాత ఎండిపోయింది. ఆ మొక్కంతే, బతుకులో ఒక్కసారే పూస్తుంది, పూస్తే పోతుంది. టకీలా రైతులు ఆ కాడ రాగానే నరికేస్తారు, లేకపోతే దుంపలోని తీపంతా పువ్వుకే పోతుంది.

మన వైపు నిజమైన సంబంధం ఒకటుంది. డెస్మండ్ నాజరెత్ అనే ఆయన చిత్తూరు జిల్లాలో చిన్న డిస్టిలరీ పెట్టి, దక్కన్‌లో దొరికే అగేవ్‌తోనే మద్యం చేశాడు. డెస్మండ్‌జీ పేరుతో 2011లో గోవాలో అమ్మకానికి పెట్టాడు. పద్ధతి అదే, మొక్క దాని బంధువే, కానీ సీసా మీద టకీలా అని రాయడానికి వీల్లేదు. అగేవ్ అనే రాసుకున్నాడు.

ఎంతకి అమ్మాడు?

2007 మే నెలలో ఇటలీకి చెందిన మద్యం కంపెనీ కంపారీ గ్రూప్ 80 శాతం వాటాని 8 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. అంటే కంపెనీ మొత్తానికి 10 కోట్ల డాలర్ల విలువ కట్టినట్టు. మిగతా వాటా కూడా తర్వాతి ఏళ్లలో వాళ్లకే పోయింది. సంగీతంలో జీవితమంతా సంపాదించిన దానికంటే ఇందులో వచ్చిందే ఎక్కువని హేగర్ స్వయంగా చాలాసార్లు చెప్పుకున్నాడు.

అమ్మకంలో రెండు జాగ్రత్తలు గమనించండి. ఒకటి, ఒకేసారి మొత్తం ఇచ్చేయలేదు. కొంత ఉంచుకున్నాడు, కొన్నవాడు బ్రాండ్ పెంచితే తనకీ లాభం. రెండు, అమ్మింది టకీలాని. కాబోలో క్యాంటీనా తన దగ్గరే ఉంచుకున్నాడు.

సినిమా స్టార్లు బ్రాండ్లకి పనిచేయడం మామూలే కదా, ఇందులో కొత్తేముంది?

ప్రకటనలో సీసా పట్టుకుని నవ్వి చెక్కు తీసుకోవడం వేరు, సీసాలోది తనదవడం వేరు. మొదటిదానిలో నష్టమొస్తే కంపెనీది, రెండోదానిలో నీది. హేగర్ మొదట కొన్నేళ్లు అమ్మింది తన క్యాంటీనాలో, ఆ తర్వాతే ఊళ్ల మీదికి పంపాడు.

జార్జ్ క్లూనీ, స్నేహితులతో పెట్టిన కాసామీగోస్ టకీలాని 2017లో మద్యం కంపెనీ డియాజియో 100 కోట్ల డాలర్ల దాకా పెట్టి కొన్నప్పుడు అదేదో కొత్త దారిలా రాశారు. ఆ దారిలో హేగర్ అడుగుజాడలు పదేళ్ల పాతవి. ధర మాత్రం పదిరెట్లు. హేగర్ త్వరపడ్డాడా? అప్పట్లో ఒక గాయకుడి మందుకి అంత ధర ఇస్తారని ఎవరూ అనుకోలేదు, ఇప్పుడు కూర్చుని లెక్కలేయడం తేలిక.

తండ్రి తాగుడుతో నాశనమయ్యాడు కదా, కొడుకు మందు అమ్మడమేంటి?

ఇది అడగాల్సిన ప్రశ్నే. తండ్రి చివరికి ఇల్లూ వాకిలీ లేని స్థితిలో పోయాడు. ఆ విషయం హేగర్ దాచలేదు, 2011లో వచ్చిన ఆత్మకథలో వివరంగా రాశాడు. మంచి సరుకు కొంచెం తాగండి, చెత్త సరుకు ఎక్కువ తాగకండి అన్నది ఆయన ధోరణి. నాకు అది పూర్తిగా మింగుడుపడలేదు. తూలే మనిషి నడకనే బ్రాండ్ పేరుగా పెట్టుకున్నవాడు ఆ మాట అంటుంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. సారా ఉద్యమం చూసిన నేల మీద నుంచి చదువుతున్నాం కదా, మనకి ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు.

అమ్మేశాక ఊరుకున్నాడా?

ఊరుకోలేదు. హవాయిలోని మావీ దీవిలో రమ్ చేయించి, సామీస్ బీచ్ బార్ రమ్ పేరుతో 2011లో తెచ్చాడు. 2017లో మరూన్ 5 గాయకుడు ఆడమ్ లెవీన్‌తో కలిసి టకీలా, మెస్కాల్ (అగేవ్‌తోనే చేసే ఇంకో మెక్సికో మద్యం) రెండూ కలిపిన సాంటో మెస్కీలా, ఆ తర్వాత టీవీ వంటల స్టార్ గై ఫియెరీతో సాంటో టకీలా. రెస్టారెంట్లు కొన్ని తెరిచాడు, కొన్ని మూసేశాడు. విమానాశ్రయాల్లో పెట్టిన సామీస్ బీచ్ బార్ అండ్ గ్రిల్‌ల నుంచి తన వాటాకి వచ్చింది ఆయా ఊళ్ల సేవా సంస్థలకే ఇస్తానన్నాడు, ఇస్తున్నాడు.

ఇంకా పాడుతున్నాడా?

పాడుతున్నాడు. మధ్యలో గిటారిస్ట్ జో సాట్రియానీ, డ్రమ్మర్ చాడ్ స్మిత్, మైకేల్ ఆంథనీలతో చికెన్‌ఫుట్, తర్వాత జేసన్ బోనమ్ డ్రమ్స్‌తో ది సర్కిల్ అని రెండు బ్యాండ్లు నడిపాడు. 2024లో వాన్ హేలన్ పాటలతో పెద్ద టూర్ చేశాడు, అదే ఏడాది ఏప్రిల్ 30న హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో నక్షత్రం వచ్చింది. అప్పటికి వయసు 76. మరుసటి ఏడాది లాస్ వేగాస్‌లో వరస కచేరీలు. వాటికి ముందు ఒక కొత్త పాట విడుదల చేశాడు. కలలో ఎడ్డీ కనిపించి ఒక గిటార్ బాణీ వినిపించాడట, లేచాక దాన్నే పాటగా కట్టానని చెప్పాడు. రికార్డింగ్‌లో ఆ గిటార్ వాయించింది సాట్రియానీ.